వదినగారు వినని పాట

ఊరి ఉమ్మడి నిధి ఆఫీసంటే మొత్తం కలిపి రెండు గదులు. కింద చెప్పుల షాపు. కొత్త తోలు వాసన మెట్లెక్కి పైదాకా వచ్చేది. ముందు గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని వెనక సంబంధాలమ్మ.

అది ఆమె అసలు పేరు కాదు. ఊళ్ళో నాలుగు డబ్బులు మిగిలినవాళ్ళు కొందరుంటారు. నలుగురికీ పనికొచ్చేలా ఇద్దామని మనసులో ఉంటుంది, ఎవరికివ్వాలో తెలియదు. ఇంకోవైపు చిన్న చిన్న సేవాసంస్థలుంటాయి. వాళ్ళకి పని కొండంత, చేతిలో డబ్బు గోరంత. మొదటివాళ్ళు ఇచ్చింది ఉమ్మడి నిధి జాగ్రత్త చేసి, పెంచి, దాని మీద వచ్చేది ఏటేటా రెండోవాళ్ళకి అందిస్తుంది. ఈ రెండు పక్షాలనీ ఒకరికొకరిని చూపించడం ఆమె ఉద్యోగం. చేరిన రోజు సాయంత్రం ఇదంతా భర్తకి విడమరిచి చెప్పింది. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ ఓపిగ్గా విని, "అంటే సంబంధాలు కుదర్చడమన్నమాట" అన్నాడు. మర్నాడు ఆ మాట ఆఫీసులో నవ్వుతూ చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. అప్పటినుంచి అధ్యక్షుడుగారి దగ్గర్నుంచి కింద చెప్పుల షాపాయన దాకా అందరికీ ఆమె సంబంధాలమ్మే.

వదినగారూ ఆడపడుచుగారూ వచ్చిన రోజున వాన కురిసి అప్పుడే వెలిసింది. తడి గొడుగులు రెండూ మెట్ల దగ్గర ఆనించి, మోకాళ్ళు పట్టుకుంటూ పైకొచ్చారు. వాళ్ళని తెలియనివాళ్ళు ఊళ్ళో తక్కువ. బజారు మలుపులో గుండీల కొట్టు వాళ్ళది. గుండీలు, జిప్పులు, లేసులు, హుక్కులు, దారపు ఉండలు, చొక్కాకి కావాల్సినవి చొక్కా తప్ప అన్నీ అక్కడ దొరికేవి. గల్లాపెట్టె దగ్గర వదినగారు, అరల ముందు ఆడపడుచుగారు, వెనక సామాన్ల గదిలో వదినగారి భర్త. ఆయన ఆడపడుచుగారికి సొంత అన్నయ్య. ఒకరు "వదినా" అని పిలవడం, ఇంకొకరు "ఏమిటే అమ్మాయ్" అని పలకడం విని విని, కొట్టుకొచ్చే దర్జీలు కూడా వాళ్ళని అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆడపడుచుగారికి అరవై దాటాయి, జుట్టంతా నెరిసింది, అయినా వదినగారికి ఆవిడ ఇంకా అమ్మాయే.

క్రితం చలికాలంలో ఆయన నిద్రలోనే పోయారు. ఆడవాళ్ళిద్దరూ కొన్నాళ్ళు కొట్టు నడిపారు. తర్వాత ఓపిక లేక అమ్మేశారు.

"మాకు తినడానికీ ఉండడానికీ లోటు లేదమ్మా. కొట్టు మీద వచ్చింది ఆయన పేరు మీద ఇచ్చేద్దామని" అన్నారు వదినగారు కుర్చీలో సర్దుకుంటూ. "పిల్లలకి ఊరికే ఈత నేర్పేవాళ్ళున్నారట కదా. వాళ్ళకి."

"పాటలు పాడేవాళ్ళెవరికైనా" అన్నారు ఆడపడుచుగారు, సరిగ్గా అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెట్లెక్కేముందు ఈ సంగతి వాళ్ళు మాట్లాడుకోలేదని సంబంధాలమ్మకి అర్థమైపోయింది.

"ఈతేమిటి వదినా? అన్నయ్య బకెట్లో నీళ్ళు చూసినా ఓ అడుగు వెనక్కేసేవాడు."

"అందుకే. చిన్నప్పుడు ఎవరైనా నేర్పి ఉంటే ఈ భయం ఉండేది కాదని ఆయనే అనేవారు. పాటలేమిటే అమ్మాయ్? మీ అన్నయ్య రేడియో పెడితేనే కట్టేయమనే మనిషి."

ఆడపడుచుగారు ఏదో అనబోయారు. అనకుండా మింగేసి కిటికీ వైపు తిరిగారు.

సంబంధాలమ్మ తనకి తెలిసిన సులువైన దారి చూపించింది. "రెండు నిధులు పెట్టుకోవచ్చండీ. సగం ఈతకి, సగం పాటకి. ఎవరిది వాళ్ళు చూసుకోవచ్చు."

"ఆయన్ని సగానికి కోస్తానంటావా?" అన్నారు వదినగారు.

"అన్నయ్యేమన్నా గుడ్డముక్కా?" అన్నారు ఆడపడుచుగారు.

ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. ఒకటే మనిషి, ఒకటే నిధి. అయితే దేనికన్నది తేలే దాకా ఇద్దరి సంతకాలూ పడవు. రెండు చోట్లకీ తీసుకెళ్ళి చూపిస్తానని చెప్పి సంబంధాలమ్మ వాళ్ళని పంపించింది. మెట్లు దిగుతూ గొడుగు మారిపోయిందని వాళ్ళు దెబ్బలాడుకోవడం పైకి వినిపించింది.

లోపలి గదిలోంచి అధ్యక్షుడుగారు తల బయటపెట్టారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. నవ్వినా చొక్కా ముడత పడదు.

"నువ్వు చూపించు. వాళ్ళు చూసుకుంటారు. మధ్యలో నోరు మాత్రం జారకు. ఇచ్చేవాళ్ళ ఇంటి సంగతులు మనవి కావు" అన్నారు.

"అలాగేనండీ" అంది సంబంధాలమ్మ. నిజంగానే అలాగే అనుకుంది.

* * *

ముందు ఈతకొలను చూశారు. పాత కట్టడం, పగిలిన పలకలు, క్లోరిన్ వాసన. ఈత మాస్టారు తపాలా ఆఫీసులో పనిచేస్తాడు. సాయంత్రాలు ఇక్కడ, ఫీజు కట్టలేని పిల్లలకి ఈత నేర్పుతాడు. భారీ మనిషి, మెడలో ఈల. ఆ ఈల వేసినప్పుడల్లా ఆడపడుచుగారు ఉలిక్కిపడుతున్నారు.

"నీళ్ళు వెచ్చబెట్టే మిషన్ చెడిపోయిందండీ. అదొక్కటే మా బాధ" అన్నాడు మాస్టారు. "చలికాలం వస్తే పిల్లలు నీలుక్కుపోతారు. సగం మంది మానేస్తారు."

గట్టు పక్కన ఇనప కడ్డీ పట్టుకుని ఒక పిల్ల ఏడుస్తోంది. మాస్టారు ఏమీ బతిమాలలేదు. తనూ నీళ్ళలోకి దిగి, పిల్ల పక్కనే నిలబడి కబుర్లు మొదలుపెట్టాడు. కబుర్లలో పడి ఆ పిల్ల ఎప్పుడు చెయ్యి వదిలిందో దానికే తెలియదు. తెలిసేసరికి తేలుతోంది. వదినగారు చప్పట్లు కొట్టారు. పిల్ల కాళ్ళాడించేసరికి నీళ్ళు ఎగిరి ఆడపడుచుగారి చెప్పులు తడిశాయి.

"ఎలా ఉందే అమ్మాయ్?"

"బాగానే ఉంది" అన్నారు ఆడపడుచుగారు కాలు విదిలించుకుంటూ. బాగుందనక తప్పని చోటు మరి.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. సంబంధాలమ్మకి మౌనమంటే సరిపడదు. రోడ్డు మీద లైట్లన్నీ ఎర్రగా అడ్డుపడుతున్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలని, పక్క సీట్లో ఉన్న ఆడపడుచుగారిని అడిగింది.

"మీ అన్నయ్యగారికి ఎలాంటి పాటలంటే ఇష్టమండీ?"

"ఇష్టమేమిటమ్మా, తనే పాడేవాడు. రోజూ. సామాన్ల గదిలో."

వెనక సీట్లోంచి, "ఎవరు?" అని వినిపించింది.

ఆడపడుచుగారు నాలుక కరుచుకున్నారు. కానీ మాట దాటిపోయింది.

"అన్నయ్య."

"మా ఆయనా?"

"ఊఁ."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గల్లా దగ్గరే కూర్చున్నదాన్ని. నాకెప్పుడూ వినబడలేదేం?"

"నువ్వు బ్యాంకుకి వెళ్ళినప్పుడు పాడేవాడు. భోజనానికి వెళ్ళినప్పుడు. నువ్వు కొట్లో ఉంటే పాడేవాడు కాదు."

"ఎందుకని?"

లైటు పచ్చగా మారింది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. సంబంధాలమ్మకి గేరు ఎక్కడుందో కాసేపు తోచలేదు.

"పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి పాడితే నువ్వు నవ్వావట" అన్నారు ఆడపడుచుగారు, చాలా చిన్న గొంతుతో.

కారు రెండు వీధులు దాటింది.

"కారాపమ్మా" అన్నారు వదినగారు. ఆపగానే దిగి, తలుపు మెల్లగా వేసి, చేతిసంచీ భుజానికి తగిలించుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయారు. గట్టిగా వేసినా బాగుండేది అనిపించింది సంబంధాలమ్మకి.

* * *

"నోరు జారావా?" అన్నారు అధ్యక్షుడుగారు కళ్ళజోడు తీసి.

"జారానండీ."

"ఇక చేసేదేముంది, ఆగడమే."

ఆగడం ఆమెకి చేతకాని పని. ఆ వారమంతా ఫోను మోగినప్పుడల్లా మొదటి గంటకే ఎత్తేది. వృద్ధులకి పుస్తకాలు చేరవేసేవాళ్ళు వ్యాను టైర్ల గురించి ఫోన్ చేశారు. పాత కుర్చీలు బాగుచేసి ఇచ్చేవాళ్ళు జిగురు గురించి చేశారు. ఈత మాస్టారు రెండుసార్లు చేశాడు. గుండీల కొట్టు ఇంటినుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. డబ్బు పోతే పోయింది, నలభై ఏళ్ళుగా ఒకే కప్పు కింద కలిసున్న వదినా ఆడపడుచుల మధ్య తను నిప్పు పెట్టానేమోనన్నదే ఆమె బాధ.

"సంబంధం తప్పిపోయిందా?" అన్నాడు భర్త రాత్రి భోజనాల దగ్గర, ఆమె మొహం చూసి.

"సంబంధం సంగతి సరే. ఉన్న కాపురం కూడా చెడగొట్టినట్టున్నాను."

ఆయన ఇంకేమీ వేళాకోళం చేయకుండా గిన్నెలు తనే కడిగాడు.

వారం గడిచాక ఒక పొద్దున వదినగారు ఒక్కరే మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ ఉన్నారు.

"ఆయన ఏం పాడేవారో నీకు చెప్పిందా?"

"లేదండీ. ఆవిడనే అడగొచ్చు కదా వదినగారూ?"

"అడగాలనే ఉంటుంది. కింద నేను, మేడ మీద అది. రోజూ అడుగుదామని మెట్ల దాకా వెళ్తాను. వెళ్ళి, 'చెత్తబుట్ట బయట పెట్టావా' అని అడిగి వచ్చేస్తాను. నిన్న మూడుసార్లు అడిగాను. అదేమో నాకు మతిమరుపు మొదలైందని డాక్టరు దగ్గరికి పద అంటోంది."

సంబంధాలమ్మకి నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నవ్వు మీదే గొడవ నడుస్తోంది కనక ఆపుకుంది.

"తప్పు నాదేనండీ. ఆ రోజు కారులో నేను అడక్కుండా ఉండాల్సింది."

"నువ్వడక్కపోతే నాకెప్పటికి తెలిసేది?" అన్నారు వదినగారు. జిప్పు ఒక్కసారి గట్టిగా వేసేశారు. "సరే, పాటలవాళ్ళని కూడా చూపిస్తానన్నావుగా. ఎప్పుడో చెప్పు. దాన్ని కూడా రమ్మను. నేను చెప్పాననకు."

* * *

పాటల గుంపు చేరే గది సైకిళ్ళు బాగుచేసే షెడ్డు మీద ఉంది. ఇనప మెట్లు నిటారుగా, నిచ్చెనలా ఉన్నాయి. వాళ్ళు వెళ్ళేసరికి ఇద్దరు సైకిల్ మెకానిక్కులు, నూనె చేతులు తుడుచుకుని, ఒక పెద్దావిడని కుర్చీతో సహా పైకి మోస్తున్నారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. మెకానిక్కులు "పట్టు, పట్టు, నీ వైపు ఎత్తు" అనుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతున్నారు. వదినగారు ఆ మెట్లని ఎగాదిగా చూశారు.

గది లోపల పది పదిహేను కుర్చీలు, ఒక పాత హార్మోనియం. గుంపుని నడిపేది ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు ఇక్కడికి వస్తారు.

"చెప్పాలనుకున్నది లోపల ఉంటుందండీ. నోటికి రాదు" అంది డాక్టరమ్మ కుర్చీలు జరుపుతూనే. "కానీ చాలామందిలో మాట దారి మూసుకుపోయినా పాట దారి తెరిచే ఉంటుంది. మంచినీళ్ళు కావాలని అడగలేని మనిషి పల్లవీ చరణాలూ తప్పు లేకుండా పాడేస్తాడు. పాడగా పాడగా కొందరికి కొన్ని మాటలు తిరిగొస్తాయి. అందరికీ రావు. రాకపోయినా పాట ఉంటుంది."

మొదటి వరసలో ఒకాయన లేచి వాళ్ళకి నమస్కారం పెట్టాడు. "రైట్ రైట్" అన్నాడు.

"మా ఆయన. బస్సు కండక్టరుగా చేసేవారు" అంది పక్కనున్న భార్య. "అన్ని మాటలూ పోయి అదొక్కటే మిగిలిందండీ. ఆకలేసినా రైట్ రైటే, కోపమొచ్చినా రైట్ రైటే. గొంతుని బట్టి నేనే కనిపెట్టాలి."

"రైట్" అన్నాడు కండక్టరు, కాస్త విసుగ్గా.

"ఇది, ఎక్కువ మాట్లాడుతున్నావని" అంది ఆవిడ.

వదినగారూ ఆడపడుచుగారూ వెనక వరసలో, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చున్నారు. పాట మొదలైంది. కుర్చీలో మోసుకొచ్చిన పెద్దావిడ, అంతదాకా తల వంచుకుని ఉన్న మనిషి, గొంతెత్తేసరికి గదంతా ఆవిడదే అయింది. డాక్టరమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వాళ్ళ ఎడమ చేతి మీద తాళం తడుతూ ఒక్కో పదం అందిస్తోంది. సంబంధాలమ్మ వాకిలి దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. ఈసారి ఏం జరిగినా నోరు విప్పేది లేదని గట్టిగా అనుకుంది.

రెండు పాటలయ్యాక డాక్టరమ్మ వెనక వరస వైపు చూసింది.

"ఇక్కడ ఊరికే చూసి వెళ్ళడానికి లేదండీ. వచ్చినవాళ్ళు ఒక పాట ఇచ్చి వెళ్ళాలి."

"నాకు రాదు. నా గొంతు గుమ్మం తలుపు చప్పుడులా ఉంటుంది" అన్నారు వదినగారు.

అందరి కళ్ళూ ఆడపడుచుగారి మీదికి వెళ్ళాయి. ఆవిడ వదినగారి వైపు చూశారు. వదినగారు నేల వైపు చూస్తున్నారు.

"మీ అన్నయ్య పాడింది పాడవే అమ్మాయ్" అన్నారు. కాస్త ఆగి, "నేను నవ్వను" అన్నారు.

ఆడపడుచుగారు లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"ఇది ఎక్కడా ఉన్న పాట కాదండీ. మా అన్నయ్య గుండీలు ఏరేటప్పుడు తనే కట్టుకున్నాడు" అని, పాడారు.

"నాలుగు కళ్ళ గుండీ నన్నే చూస్తోంది
రెండు కళ్ళ గుండీ దారం అడుగుతోంది
ఒంటికన్ను గుండీ ఊడి దొర్లిపోయింది
గల్లా దగ్గర గుండీకి కోపమొచ్చింది"

వదినగారు మెల్లగా తలెత్తారు.

"గల్లా దగ్గర గుండీ ఎవరు?"

"ఎవరుంటారు వదినా?"

వదినగారి పెదవి ఒకవైపు వణికింది. ఏడుస్తారేమోనని సంబంధాలమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఏడుపు కాదు. నవ్వు. ముందు ముక్కులోంచి చిన్నగా వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత చేతిసంచీ ఒళ్ళోంచి జారి కింద పడింది. ఆడపడుచుగారు పాట ఆపేసి, మొహం మాడ్చుకుని నిలబడిపోయారు.

"నవ్వనన్నావు వదినా."

"ఆపకే" అన్నారు వదినగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజు కూడా ఇంతేనే అమ్మాయ్. మా గది గడియ సరిగ్గా పడేది కాదు. దాని మీద ఏదో పాట కట్టి పాడారు. ఎంత బాగుందో. నవ్వొచ్చే పాటకి నవ్వక ఏడుస్తారా? పడి పడి నవ్వాను. మర్నాటినుంచి మళ్ళీ పాడలేదు. అడుగుదామనుకున్నాను, కొత్త కోడల్ని, సిగ్గేసింది. ఆ తర్వాత ఆయనకి పాటలంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. ఆ తర్వాత మర్చేపోయాను."

"అయితే వెక్కిరించలేదా?"

"వెక్కిరించడమా? ఇంకోటి పాడతారేమోనని పొద్దుటిదాకా చూశాను."

ఆడపడుచుగారు ఖాళీగా ఉన్న మధ్య కుర్చీలోకి వచ్చి కూలబడ్డారు. "అన్నయ్య ఒట్టి వెర్రిబాగులవాడు వదినా."

"నేనేం తక్కువా?" అన్నారు వదినగారు. ఆవిడ నవ్వులోకి ఇప్పుడు కన్నీళ్ళు కూడా వచ్చేశాయి. ఆడపడుచుగారు కింద పడిన సంచీ తీసి, అందులోంచి రుమాలు వెతికి ఇచ్చారు.

డాక్టరమ్మకి కావాల్సింది అప్పటికే దొరికిపోయింది. ఆమె హార్మోనియం మీద ఆ వరస పట్టుకుంది. చిన్న పాట, నాలుగే ముక్కలు, ఒకదాని మీద ఒకటి తేలిగ్గా వచ్చి కూర్చుంటాయి. "అందరూ" అంది. మొదటిసారి ముగ్గురు పాడారు. రెండోసారి సగం గది పాడింది. డాక్టరమ్మ వంగి కండక్టరు చేతి మీద తాళం వేస్తోంది. ఆయన పెదవులు ముందు శబ్దం లేకుండా కదిలాయి. నాలుగోసారో అయిదోసారో, అందరూ పూర్తిచేసి ఆపాక, ఆయన ఒక్కడూ ఆపలేదు. భార్య వైపు తిరిగి, వేలు చూపిస్తూ, ఒక్క అక్షరం కూడా తప్పకుండా పాడాడు.

"గల్లా దగ్గర గుండీకి కోపమొచ్చింది."

ఆవిడ కొయ్యబారిపోయింది. తర్వాత చెంగున లేచి ఆయన భుజం మీద ఒక్కటి వేసింది.

"ఎన్నాళ్ళకి నన్నొక మాట అన్నారండీ" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకీ తెలియదు.

"రైట్ రైట్" అన్నాడు కండక్టరు, మహా గర్వంగా.

* * *

కిందికి దిగేటప్పుడు వదినగారు మధ్య మెట్టు మీద ఆగిపోయారు. వెనక ఆడపడుచుగారు, ఆ వెనక సంబంధాలమ్మ. ముందు మెకానిక్కులు పెద్దావిడని కుర్చీతో దించుతున్నారు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది, పెదవులు మాత్రం గుండీ పాట పాడుతున్నాయి.

"ఈ మెట్లేమిటమ్మా ఇలా ఉన్నాయి?"

సంబంధాలమ్మ పెదవులు బిగించింది. చెప్పాలనుంది. ఈ మెట్ల వల్లే సగం మంది రావడం మానేశారని, డాక్టరమ్మ తన జీతంలోంచి ఈ గదికి అద్దె కడుతోందని, అన్నీ చెప్పాలనుంది.

"వీళ్ళు మీ ఆఫీసులో ఏమడిగారు?" అన్నారు వదినగారు మళ్ళీ.

అడిగితే చెప్పొచ్చు. "వీధి మట్టానికి ఉండే ఒక గదికి అద్దె అడిగారండీ. అంతే."

"ఇంకేం అడగలేదా?"

"లేదండీ."

వదినగారు వెనక్కి తిరిగారు. "ఏమంటావే అమ్మాయ్?"

"నేను మొదట్నుంచీ అదే అంటున్నాను వదినా."

"అన్నావులే. మరి ఆ ఈత పిల్లలు?"

ఆడపడుచుగారు తడిసిన చెప్పులు గుర్తొచ్చి కాళ్ళవైపు చూసుకున్నారు. "ఆ పిల్ల కడ్డీ వదిలినప్పుడు నాకూ చప్పట్లు కొట్టాలనిపించింది. నువ్వు కొడుతున్నావని కొట్టలేదు" అన్నారు.

నిధికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెట్టారు. పేరు "గుండీల కొట్టు పాటల నిధి". ఆయన పేరు పలక మీద చెక్కించాలా అని అడిగితే, ఆయనకి ఎవరైనా చూస్తే సిగ్గు, వద్దన్నారు. చిక్కంతా ఒక్క చోట వచ్చింది. నిధి ఎందుకోసమో రాసిన కాగితం అధ్యక్షుడుగారు చదివి వినిపించాక, వదినగారు దాంట్లో ఇంకో వాక్యం చేర్చమన్నారు.

"పాడేటప్పుడు ఎవరైనా నవ్వితే పాట ఆపకూడదని రాయండి."

"అలాంటివి నిబంధనల్లో రాయరండీ" అన్నారు అధ్యక్షుడుగారు.

"రాస్తే తప్పా?"

"తప్పని కాదు. ఎవరూ రాయలేదు."

"అయితే మీరు రాయండి."

అధ్యక్షుడుగారు సంబంధాలమ్మ వైపు చూశారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇచ్చేవాళ్ళ విషయంలో నోరు జారకూడదు కదా. ఆయన కాసేపు కలం తిప్పి తిప్పి, చివరికి రాశారు. రాస్తూ ఆయన నవ్విన నవ్వుకి చొక్కా ముడతలు పడడం ఆమె అప్పుడే మొదటిసారి చూసింది.

ఉమ్మడి నిధిలో ఒకరు మొదలుపెట్టిన దాంట్లో ఎవరైనా కలపొచ్చు. ఈ సంగతి దర్జీల్లో ఎలా పాకిందో తెలియదు. మెడలో టేపు వేసుకునే ఒకరొకరుగా మెట్లెక్కి వచ్చారు. ఒకాయన, ఆ కొట్లో దొరకని గుండీ అంటూ ఉండేది కాదని చెప్పి ఇచ్చాడు. ఇంకొకాయన, సామాన్ల గదిలోంచి వచ్చే పాట వినడానికే కావాలని నిలబడేవాణ్ణని చెప్పాడు. అది వదినగారికి చెప్పమంటారా అంటే, చెప్పమన్నాడు. కండక్టరు భార్య కూడా వచ్చింది. "మా వాటా" అని కవరు బల్ల మీద పెట్టింది. ఇప్పుడాయన తనని రోజుకోసారైనా పాటలో తిడుతున్నాడట. పోయిన వారం ఆమె పేరు కూడా ఒకసారి, సగం దాకా, వచ్చిందట.

ఈత మాస్టారికి చెప్పడమే సంబంధాలమ్మకి కష్టమైంది. ఫోన్లో ఆయన "ఫర్వాలేదండీ" అన్న తీరుకి ఆమెకి ముద్ద దిగలేదు. మర్నాడు కింద చెప్పుల షాపాయన దగ్గర ఊరికే నిలబడి, కొలను గురించీ ఆ ఏడ్చిన పిల్ల గురించీ చెప్పుకుంది. ఆయన చెప్పు అట్టపెట్టెలో సర్దుతూ, "మా అమ్మాయి నేర్చుకుంది అక్కడే కదండీ. మిషన్ చెడిందని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. మిషన్ బాగుచేయించడానికి సగం ఆయనిచ్చాడు, మిగతా సగం ఉమ్మడి నిధి తన సొంత పద్దులోంచి ఇచ్చింది. చలికాలం వచ్చేలోగా నీళ్ళు వెచ్చబడ్డాయి.

పాటల గుంపుకి బజారులోనే ఒక గది దొరికింది. ఇదివరకు ఫొటో స్టూడియో. గోడకి కొండలూ జలపాతమూ వేసిన తెర ఇంకా వేలాడుతోంది, తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. గుమ్మానికి మెట్టన్నదే లేదు. మొదటి రోజున ఇన్నాళ్ళూ రానివాళ్ళు కూడా కర్రలతో, చక్రాల కుర్చీలతో వచ్చారు. కుర్చీలు చాలక మెకానిక్కులు షెడ్డునుంచి బల్లలు తెచ్చి వేశారు. వాళ్ళూ ఉండిపోయారు.

వదినగారు టీ పంచే బాధ్యత తీసుకున్నారు. ఉత్సాహం పట్టలేక మొదటి పాటలో గొంతు కలిపారు కూడా. డాక్టరమ్మ మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. ఆడపడుచుగారు అన్నారు.

"వదినా, నువ్వు పాడకు. నవ్వు చాలు."

వదినగారు ఏమీ అనుకోలేదు. పాటకి పాటకి మధ్య ఆడపడుచుగారి పక్కన చేరి, "ఇంకా ఎన్ని కట్టారే ఆయన?" అని అడిగారు.

"బోలెడు. జిప్పు మీద ఉంది, సూది మీద ఉంది, అప్పు ఎగ్గొట్టిన దర్జీ మీద ఉంది. నీ మీదే ఓ డజను ఉంటాయి. అన్నీ పాడమంటావా?"

సంబంధాలమ్మ టీ కప్పు పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడి ఉంది. వదినగారు ఆలోచించారు. చేతిలో మిఠాయి పొట్లం పెట్టిన పిల్లలా ఉంది ఆవిడ మొహం.

"వద్దు, వారానికి ఒకటి చెప్పు చాలు" అన్నారు. "తొందరేముంది?"